అండమాన్ వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

నువ్వు పంపిన లిస్టు రెండుసార్లు చదివాను. ఆరు రోజుల్లో పందొమ్మిది చోట్లా! మీ పెదనాన్న ఉద్యోగం పుణ్యమా అని నేను పోర్ట్‌బ్లెయిర్‌లో తొమ్మిదేళ్లు కాపురం చేశాను, నేనే అన్నీ చూడలేదు. సగం కొట్టెయ్. మిగిలిన సగాన్ని పొద్దునీ, సముద్రపు పోటుపాట్లనీ చూసుకుని సర్దు.

ముందు పొద్దు సంగతి. ఆ దీవులు మనకి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. డిసెంబరులో సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. నాలుగున్నరకి టీ తాగి తీరిగ్గా బయల్దేరితే హేవ్‌లాక్ దీవిలోని రాధానగర్ బీచ్‌లో మీకు దొరికేది చీకటే. భోజనాలు పెందరాళే కానిచ్చి మూడింటికి ఇసకలో ఉండండి. మొసళ్ల హెచ్చరిక బోర్డులు కనిపిస్తే నవ్వుకోవద్దు. అక్కడ ఉప్పునీటి మొసళ్లు నిజంగానే ఉన్నాయి. గార్డు చూపించిన చోటే దిగండి, పొద్దు వాలాక అసలు దిగొద్దు.

ఇక పోటుపాట్లు. మేము మొదటిసారి నీల్ దీవికి వెళ్లినప్పుడు రాతి వంతెన చూద్దామని లక్ష్మణ్‌పూర్ రెండో నంబరు బీచ్‌కి మంచి పోటు మీద చేరాం. వంతెన దాకా పోయే దారంతా నీళ్లే. మీ పెదనాన్న "సముద్రం చూశాంగా, పద" అన్నారు. రెండేళ్ల తర్వాత నీళ్లు తీసే పాటు వేళ చూసుకుని వెళ్తే అది అదే చోటంటే నమ్మలేకపోయాను. సముద్రం తొలిచిన ఆ రాతి కమానుని అక్కడి బెంగాలీలు హౌరా బ్రిడ్జి అంటారు. అందరూ దాని కింద ఫొటో దిగి వెళ్లిపోతారు. నన్నడిగితే అసలు చూడాల్సింది కాళ్ల కిందే. నీళ్లు తీసేశాక పగడపు రాళ్ల మధ్య గుంటలు మిగులుతాయి. ఏదో ఒక గుంట పక్కన గొంతుక్కూర్చుని రెండు నిమిషాలు కదలకుండా ఉండు. మొదట ఏమీ కనబడదు. తర్వాత గవ్వ అనుకున్నది కాళ్లు తీసి నడుస్తుంది. మాడిన దోసకాయలా పడున్నది మెల్లిగా ఒళ్లు సాగదీస్తుంది. రాయి మీద నీడ అనుకున్నది చేపై చటుక్కున సందులోకి దూరుతుంది. పిల్లల్ని చూడనీ, పట్టుకోనివ్వకు. రాళ్లు బ్లేడుల్లా ఉంటాయి, హవాయి చెప్పులు పనికిరావు, వెనక పట్టీ ఉన్నవి తెచ్చుకోండి.

పాటు వేళ రోజూ ముప్పావుగంట పైన ఆలస్యమవుతుంది. ఇవాళ రెండింటికైతే రేపు మూడు కావస్తుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల నీళ్లు ఇంకా దూరం వెనక్కి పోతాయి. మీ వంటింటి గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉందిగా, టికెట్లు కొనేముందు అది చూడు.

సెల్యులర్ జైలు చివరి రోజుకి పెట్టుకున్నావు. మొదటి రోజుకి మార్చు. అలసిపోయి, సూట్‌కేసులు మనసులో పెట్టుకుని చూసేది కాదది. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. బండి చక్రం ఆకుల్లా నడి బురుజు చుట్టూ ఏడు వరసల ఖైదీ గదులు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరస ముఖం పక్క వరస వీపుని చూస్తుంది, అంటే ఎదురుగా ఇంకో ఖైదీ ముఖం కనబడదు. ఏదో ఒక గది ముందు నిలబడి తలుపు గడియ చూడు. అది తలుపు దగ్గర ఉండదు. పక్క గోడలో చేసిన గూట్లో, లోపలివాడి చెయ్యి ఎంత సాచినా అందనంత దూరంలో ఉంటుంది. ఆ కొలత వేసినవాడి బుర్ర గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో కొందరిని పంపింది కూడా ఈ దీవులకే.

మర్నాడు పొద్దున్నే రాస్ దీవికి పడవెక్కండి. బ్రిటిషువాళ్ల దొరతనమంతా అక్కడే సాగింది. 1941లో భూకంపం, 1942లో జపాన్‌వాళ్లు, అంతటితో సరి. ఇప్పుడు చర్చి గోడల్ని మర్రిజాతి చెట్ల వేళ్లు చుట్టేసుకుని ఉన్నాయి. ఆ వేళ్లు లాగేస్తే గోడ పడిపోతుందేమో అనిపిస్తుంది. పూటలో అయిపోతుంది. చాతమ్ రంపపు మిల్లు 1883 నాటిది, అల్లుడుగారికి చెక్క పని మీద మోజు ఉంటేనే వెళ్లండి.

బారాటాంగ్ సున్నపురాతి గుహలు మాత్రం కొట్టెయ్యమనే నా సలహా. అర్ధరాత్రి లేచి, జరావా ఆదివాసుల అడవి గుండా వరసకట్టి పోయే బళ్లలో కూర్చోవాలి. గుహలు బాగానే ఉంటాయి. కానీ మా రోజుల్లో బండిలో సగంమంది గుహల కోసం కాదు, అద్దాలకి ముక్కు ఆనించి 'వాళ్లు కనిపిస్తారా' అని వచ్చేవారు. మనుషుల్ని అలా చూడ్డానికి పోవడం నాకు నచ్చలేదు. ఫొటో తియ్యడం నేరం కూడా.

పేర్లు చూసి కంగారుపడకు. హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, రాస్ నేతాజీ పేరు మీద ఉంది, పోర్ట్‌బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. పాత ఎర్ర ఇరవై నోటు మీది లైట్‌హౌస్ బొమ్మ అక్కడిదే. హారియట్ కొండ, అదే ఇప్పటి మౌంట్ మణిపూర్, ఎక్కితే ఆ దృశ్యమే కనిపిస్తుంది. ఒక నోటు దాచి ఉంటే పట్టుకెళ్లు, పిల్లలకి సరదా.

ఒడ్డున ఏరిన పగడపు ముక్కలు మాత్రం బ్యాగులో పెట్టొద్దు, చచ్చినవైనా సరే. విమానాశ్రయంలో పట్టుకుంటారు.

అసలు భయం నాకు నీ ఆరో రోజు మీద. పొద్దున హేవ్‌లాక్‌లో గాలి సిలిండరు కట్టుకుని లోతుకి దిగే స్కూబా, మధ్యాహ్నం పడవ, సాయంత్రం విమానం అని రాశావు. స్కూబా చేశాక కనీసం 18 గంటలు, వీలైతే ఒక రోజంతా విమానం ఎక్కకూడదమ్మా. లోతులో ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్, విమానంలో పైకి పోయేసరికి బుడగలు కట్టి కీళ్లు, నరాలు పట్టేస్తుంది. పైగా ఆ పడవలకి సముద్రమే యజమాని. ఒకసారి వాయుగుండం పట్టి రెండు రోజులు పడవలే నడవలేదు. మేము హేవ్‌లాక్‌లో ఇరుక్కున్నాం, విమానం మమ్మల్ని వదిలేసి పోయింది, డబ్బు కూడా వెనక్కి రాలేదు.

ఏడో రోజుకి టికెట్టు మార్చుకుని నాకు ఫోన్ చెయ్. ఛార్జీ ఎక్కువైతే అది నేనిస్తాను.

పెద్దమ్మ