క్రోమియం లెక్క అడిగే పిల్లాడు

ప్రశ్న: మాది చిత్తూరు. మావారు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. బాబు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఎప్పుడు చూసినా కత్తుల స్టీలు గోలే. “12 శాతం క్రోమియం ఉన్న డీ2 స్టీలు తుప్పు పడుతుంది, 13 శాతం ఉన్న ఏఈబీ-ఎల్ అంతగా పట్టదు, ఎందుకమ్మా?” అంటాడు. మెటలర్జీ, అంటే లోహాల ఇంజనీరింగ్ చేస్తాడట. సీఎస్‌ఈ వదిలేసి ఈ ఇనుము చదువేంటని చుట్టాలు. ఒకటే టెన్షన్.

జవాబు: అమ్మా, తోతాపురి కోసిన ఇనుప కత్తిపీటను కడగకుండా వదిలేస్తే కాసేపటికే నల్లబడుతుంది కదా. అది కాయలోని పులుపు పని. దాన్ని ఆపేది క్రోమియమే, కానీ కార్బన్ లాగేసుకోగా మిగిలిన క్రోమియం. డీ2లో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. అది క్రోమియాన్ని పట్టుకుని, అంచు అరగకుండా చూసే కార్బైడ్లనే గట్టి గింజలుగా మారుస్తుంది. అలా చిక్కుకున్న క్రోమియం స్టీలు మీద తుప్పు ఆపే పొరకు అందదు. ఏఈబీ-ఎల్‌లో కార్బన్ 0.67 శాతమే. ఇంకో సంగతి, పగుళ్లు మొదలయ్యేది ఆ పెద్ద గింజల దగ్గరే. అందుకే డీ2 అంచు త్వరగా పెచ్చులూడుతుంది. 2021లో వచ్చిన మాగ్నాకట్ అనే కత్తుల స్టీలులో లారిన్ థామస్ అనే మెటలర్జిస్టు ఈ ముడి విప్పాడు. క్రోమియం 10.7 శాతమే పెట్టి, అరుగుదలను ఆపే పని వెనేడియం, నియోబియం అనే వేరే లోహాల కార్బైడ్లకు అప్పగించాడు. దాంతో క్రోమియం తుప్పు ఆపడానికే మిగిలింది.

మీవాడు పట్టుకున్నది అసలైన మెటలర్జీ ప్రశ్నే. నాకు ముచ్చటేసింది. అయితే కత్తుల మీదే ఉద్యోగం అనుకుంటే నిరాశే. పని దొరికేది స్టీల్ ప్లాంట్లలో, ఫౌండ్రీల్లో, హీట్ ట్రీట్‌మెంట్ షాపుల్లో. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌ వాళ్లతో పోల్చుకోవద్దు. గేట్‌లో మెటలర్జీకి విడిగా పేపరుంది. హైదరాబాద్‌లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని, రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ లాంటివి ఈ చదువు మీదే నడుస్తాయి.

సీటు మాత్రం ఇంటి నుంచి వెళ్లొచ్చే దూరంలో ఉండదు. ఈఏపీసెట్‌తో అయితే విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, విజయనగరం జేఎన్‌టీయూ చూడండి. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకు వస్తే వరంగల్ నిట్.

ఆప్షన్లు పెట్టేముందు ఒకటి గమనించండి. కెమిస్ట్రీలో థర్మోడైనమిక్స్, ఎలక్ట్రోకెమిస్ట్రీ లెక్కలు మీరు చెప్పకుండానే చేసుకుంటున్నాడా? తుప్పు సంగతంతా ఆ రెండో పాఠంలోనే ఉంది. చేస్తుంటే మెటలర్జీని పైన పెట్టండి, చుట్టాలకు నేను చెబుతాను. వాటిని దాటేసి కత్తులు నూరే వీడియోలే చూస్తుంటే సీఎస్‌ఈ పెట్టించి, పుట్టినరోజుకు ఓ మంచి కత్తి కొనివ్వండి.