టైరులో గాలి ఎంత? మూడు కాలిక్యులేటర్లు, మూడు జవాబులు

ప్రశ్న: నా బరువు 74 కిలోలు. 29 అంగుళాల చక్రాలు, 2.25 అంగుళాల టైర్లు ఉన్న మౌంటెన్ బైకు కొన్నాను. లోపల మామూలు ట్యూబులే. సెలవు రోజుల్లో వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండదారుల్లో తొక్కుతున్నాను. టైరు మీద ‘గరిష్ఠం 50 పీఎస్ఐ’ అని ఉంది. ఫోనులో టైరు గాలి లెక్కగట్టే మూడు కాలిక్యులేటర్లను అడిగితే మూడు వేర్వేరు అంకెలు చెప్పాయి. దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

ముందుగా టైరు మీది అంకె సంగతి. పీఎస్ఐ అంటే గాలి పీడనానికి కొలత, చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని. అది దాటకూడని హద్దు మాత్రమే, అంత గాలి కొట్టమని చెప్పడం కాదు. గాలి నిండుగా ఉంటే సైకిలు తేలిగ్గా పోతుందని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నున్నటి తారురోడ్డు మీద అది చాలావరకు నిజమే. రాళ్లు, వేర్లు ఉన్న దారిలో మాత్రం పరిస్థితి తిరగబడుతుంది. బిగుసుకున్న టైరు ప్రతి రాయి దగ్గరా ఎగిరిపడుతుంది. ముందుకు తోయవలసిన మీ కాళ్ల బలం సైకిలును పైకి ఎగరేయడానికి ఖర్చవుతుంది. కాస్త మెత్తగా ఉన్న టైరు రాయి మీద ఒదిగి సాగిపోతుంది, నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. 50 పీఎస్ఐతో వాలు దిగుతూ బ్రేకు వేస్తే గులకరాళ్ల మీద చక్రం జారిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఇక కాలిక్యులేటర్లు. అవి అబద్ధం చెప్పడం లేదు, వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తున్నాయి. ఒకటి మీ ఒంటి బరువు అడుగుతుంది. ఇంకొకటి సైకిలు, నీళ్ల సీసా, సంచీ అన్నీ కలిపిన బరువు అడుగుతుంది. రెండింటిలోనూ 74 అని కొడితే లెక్క అక్కడే చెడిపోతుంది. టైరు వెడల్పుదీ ఇదే తంతు. పెట్టె మీద 2.25 అని ఉన్నా, రిమ్ము లోపలి వెడల్పును బట్టి అసలు కొలత కొంచెం అటూ ఇటూ అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ట్యూబు ఉందా లేదా అన్నది. ట్యూబులెస్ టైర్ల కోసం ఇచ్చిన అంకెను ట్యూబు ఉన్న చక్రానికి వాడితే పంక్చర్ అయ్యే ప్రమాదం బాగా పెరుగుతుంది.

చేత్తో వేసుకునే పాత లెక్క ఒకటి ఉంది. మీ బరువును పౌండ్లలోకి మార్చి 7తో భాగించండి. వచ్చినదాంట్లో ముందు చక్రానికి 1 తీసేయండి, వెనక చక్రానికి 2 కలపండి. 74 కిలోలంటే 163 పౌండ్లు, అంటే ముందు 22, వెనక 25. ఇది ట్యూబులెస్ టైర్ల లెక్క. మీకు ట్యూబులున్నాయి కనుక 4 చొప్పున కలిపి ముందు 26, వెనక 29 పీఎస్ఐతో మొదలుపెట్టండి. బరువు ఎక్కువగా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి దానికి గాలి ఎక్కువ కావాలి. దారి మళ్లించేది ముందు చక్రం కాబట్టి దానికి పట్టు కావాలి.

అక్కడి నుంచి నిర్ణయించవలసింది మీ దారే. మీకు బాగా తెలిసిన చిన్న చుట్టు ఒకటి ఎంచుకుని, ప్రతిసారీ 1 పీఎస్ఐ తగ్గిస్తూ తొక్కండి. రాయి మీదికి ఎక్కినప్పుడు రిమ్ము ‘ఠక్’మని తగిలినా, మలుపులో టైరు పక్కకు వాలుతున్నట్టు అనిపించినా ఆగి 2 పెంచండి. అదే మీ అంకె. హద్దు దాటి తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. అలాంటి పంక్చర్ చూస్తే ముల్లు కోసం వెతకనక్కరలేదు, గాలి చాలలేదన్నమాట. దొరికిన అంకెను ఫోనులో దారి పేరుతో సహా రాసి పెట్టుకోండి. వాన పడి బురదగా ఉన్న రోజుకు వేరే అంకె ఉంటుంది.

ప్రశ్న: బ్యాటరీతో నడిచే చేతి పంపు కొన్నాను. సైకిల్ మోడ్‌లో పెడితే 30 పీఎస్ఐ కంటే కిందికి దిగడం లేదు. పాడైందా?

పాడవలేదు. కొన్ని పంపుల్లో సైకిల్ మోడ్‌ను రోడ్డు మీద తొక్కేవారిని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. మాన్యువల్ మోడ్‌కు మార్చి మీకు కావలసిన అంకె పెట్టుకోండి. పంపు మీది అంకెకూ విడి గేజి చూపే అంకెకూ ఒకటి రెండు పీఎస్ఐ తేడా రావచ్చు. 26 దగ్గర ఆ తేడా చిన్నది కాదు. ఏది సరైనదని మథనపడకుండా ఒక్క గేజినే ఎప్పుడూ వాడండి. నిలబడి కొట్టే పెద్ద పంపుల మీద 160 దాకా గీతలుండే ముల్లు గేజిలో 26కీ 28కీ తేడా కంటికి ఆనదు. తక్కువ పీడనాలకు తగిన చిన్న డిజిటల్ గేజి కొనుక్కోవడం మంచిది. కొనే ముందు మీ వాల్వు సన్నటిదా (ప్రెస్టా), మోటారు సైకిలుకు ఉండే లావుపాటిదా (ష్రేడర్) చూసుకోండి.

ప్రశ్న: తెల్లవారుజామున 26 పెట్టుకుని బయలుదేరాను. మధ్యాహ్నం చూస్తే 29 ఉంది. గేజి తప్పా?

గేజి సరిగానే ఉంది. మూసిన టైరులో వేడి పెరిగితే పీడనం పెరుగుతుంది. 18 డిగ్రీల చలిలో కొట్టిన 26, 38 డిగ్రీల ఎండకు దాదాపు 29 అవుతుంది. తొక్కబోయే వేళకు నీడలో నిలిపి, మళ్లీ కొలిచి, అవసరమైతే కాస్త వదలండి. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ తొక్కే పని ఉంటే, వదిలినంతా తిరిగి కొట్టాలి కనుక పంపు వెంట ఉంచుకోండి.