పాఠకుల ప్రశ్నలు: క్లేర్ దొరసాని ఎలిజబెత్, ఆమె చుట్టాలు, ఆస్తులు

క్లేర్ వంశపు వారసురాలు ఎలిజబెత్ ద బర్గ్ (1295–1360) గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ముందుగా ఇంటి వివరాలు. తండ్రి గ్లోస్టర్ ఎర్ల్ (పెద్ద ప్రభువుల హోదా) గిల్బర్ట్ ద క్లేర్. తల్లి జోన్, ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ కూతురు. ఒక అన్న గిల్బర్ట్, ఇద్దరు అక్కలు ఎలినార్, మార్గరెట్. మొదటి భర్త జాన్ ద బర్గ్ వల్ల కొడుకు విలియం, రెండో భర్త థియొబాల్డ్ ద వెర్డన్ వల్ల కూతురు ఇజబెల్లా, మూడో భర్త రోజర్ డామొరీ వల్ల కూతురు ఎలిజబెత్.

ప్రశ్న: స్కాట్లండు రాజు రాబర్ట్ బ్రూస్ భార్య పేరు కూడా ఎలిజబెత్ ద బర్గే. ఇద్దరూ ఒకరేనా?

జవాబు: కాదు. ఆ పేరుతో ముగ్గురున్నారు, ముగ్గురూ దగ్గరి చుట్టాలే. అందుకే వంశవృక్షాల్లో ఇంత తికమక.

మొదటామె బ్రూస్ భార్య. అల్‌స్టర్ ఎర్ల్ రిచర్డ్ ద బర్గ్ కూతురు, పుట్టింటి పేరుతోనే ద బర్గ్. 1327లో చనిపోయింది. రెండో ఆమె మన క్లేర్ దొరసాని. 1308 సెప్టెంబరు 30న, పదమూడేళ్లు నిండిన రెండు వారాలకు, ఆ రిచర్డ్ కొడుకు జాన్‌ని పెళ్లాడి ద బర్గ్ అయింది. అంటే బ్రూస్ భార్య ఈమెకు ఆడపడుచు. జాన్ 1313లోనే పోయినా, తర్వాత ఇద్దరు భర్తలు వచ్చినా ఈమె ఆ ఇంటిపేరు వదల్లేదు. మూడో ఆమె ఈమె మనవరాలు, అంటే కొడుకు విలియం కూతురు. 1332లో పుట్టింది, అల్‌స్టర్ కౌంటెస్ (ఎర్ల్‌తో సమానమైన స్త్రీ హోదా).

ఎవరి గురించి రాశారో తేల్చుకోవడానికి పేరు చూడకండి, పేరు పక్కనున్న హోదా చూడండి. ‘రాణి’ అని ఉంటే బ్రూస్ భార్య, ‘క్లేర్ దొరసాని’ అని ఉంటే అవ్వ, ‘అల్‌స్టర్ కౌంటెస్’ అని ఉంటే మనవరాలు. ఎలిజబెత్ పెళ్లి నాటికే రెండు ఇళ్ల మధ్య ఇంకో సంబంధం కుదిరింది. ఆమె అన్న గిల్బర్ట్ కూడా రిచర్డ్ కూతుళ్లలో ఒకరైన మాడ్‌ని చేసుకున్నాడు. ఆ లెక్కన గిల్బర్ట్, రాబర్ట్ బ్రూస్ తోడల్లుళ్లు. 1314 జూన్ 24న బానక్‌బర్న్ యుద్ధంలో గిల్బర్ట్ చనిపోయింది ఆ తోడల్లుడి సేన చేతిలోనే. అతని శవాన్ని బ్రూస్ మర్యాదలతో ఇంగ్లండుకు పంపించాడు.

ప్రశ్న: ఒక వ్యాసంలో ‘డవర్’ని వరకట్నం అని అనువదించారు. సరైనదేనా? అసలు వితంతువుకి ఎంత వచ్చేది?

జవాబు: పూర్తిగా తలకిందులైన అనువాదం. వరకట్నం పిల్ల వైపు నుంచి పిల్లవాడి వైపు వెళ్తుంది. డవర్ భర్త భూముల్లోంచి వితంతువుకి దక్కుతుంది. సాధారణంగా మూడో వంతు, ఆమె బతికున్నంత కాలం మాత్రమే. అమ్ముకునే హక్కు లేదు. ఆమె పోగానే భర్త వారసులకు తిరిగిపోతుంది. 1225 నాటి మాగ్నా కార్టా (రాజు ఒప్పుకున్న హక్కుల పత్రం) ఈ మూడో వంతును స్పష్టంగా చెప్పింది. భర్త పోయాక నలభై రోజులు ఆ ఇంట్లోనే ఉండవచ్చని, ఆలోగా డవర్ కొలిచి అప్పగించాలని కూడా చెప్పింది.

అయితే మూడో వంతు అనగానే మొత్తం ఆస్తిని మూడుతో భాగించడం తప్పు. ఏటా 900 పౌండ్లు వచ్చే ఎస్టేటు అనుకోండి. చనిపోయిన వ్యక్తి తల్లి ఇంకా బతికుండి తన డవర్ 300 పౌండ్లు అనుభవిస్తూంటే, కోడలికి మిగిలిన 600లో మూడో వంతు, అంటే 200 మాత్రమే. కొత్త వారసుడి చేతికి వచ్చేది 400. పెద్ద కుటుంబాల్లో ఒకేసారి ఇద్దరు వితంతువులుండటం మామూలే. దీర్ఘాయుష్షున్న వితంతువు ఉన్న ఇంట వారసుడు ఏళ్లతరబడి సగం ఆస్తితో నెట్టుకొచ్చేవాడు.

డవర్‌తో పాటు జాయించర్ అని ఇంకొకటి ఉండేది. పెళ్లప్పుడో ఆ తర్వాతో కొన్ని ఊళ్లను భార్యాభర్తలిద్దరి పేరా కలిపి రాయించేవారు. ఒకరు పోతే రెండోవారు పూర్తిగా అనుభవించవచ్చు. తేడా బయటపడేది భర్త రాజద్రోహి అయినప్పుడు. డవర్ పోయేది. జాయించర్‌కీ, భార్య పుట్టింటి వారసత్వానికీ చట్టప్రకారం రక్షణ ఉండేది. రక్షణ ఉన్నంతమాత్రాన దక్కేదని కాదు, కింద చూడండి.

ప్రశ్న: ఇజబెల్లా 1316 మార్చి 21న పుట్టిందని ఒకచోట, 1317లో అని ఇంకోచోట ఉంది. తండ్రి 1316 జూలైలో పోయాడు కదా?

జవాబు: 1317 సరైనది. తప్పు ఎక్కడ జరిగిందో కూడా చెప్పవచ్చు. అప్పట్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ పద్ధతిలో మార్చి 21 ఇంకా పాత ఏడాదిలోదే. 1316 అని రాసినది ఆ లెక్క. మన లెక్కకు మార్చితే 1317.

నమ్మకంగా తేల్చుకోవాలంటే రాజు ఏలుబడి సంవత్సరాన్ని పట్టుకోండి. రెండో ఎడ్వర్డ్ ఏలుబడి 1307 జూలై 8న మొదలైంది. పదో ఏడు 1316 జూలై 8 నుంచి 1317 జూలై 7 వరకు. వెర్డన్ చావు (1316 జూలై 27), బిడ్డ పుట్టుక (1317 మార్చి 21) రెండూ ఆ పదో ఏట్లోనే పడతాయి. నడుమ 237 రోజులు. తండ్రి పోయాక పుట్టిన బిడ్డన్నమాట. ఆమె పుట్టింది ఏమ్స్‌బరీ మఠంలో. ఎలిజబెత్ పినతల్లి మేరీ అక్కడే సన్యాసిని. మూడో ఎడ్వర్డ్ కాలపు పత్రాలైతే లెక్క 1327 జనవరి 25 నుంచి మొదలుపెట్టాలి.

ఆ బిడ్డ కడుపులో ఉందన్న ఒక్క సంగతి వల్ల వెర్డన్ ఆస్తి పంపకం మారిపోయింది. అతనికి మొదటి భార్య వల్ల ముగ్గురు కూతుళ్లు, కొడుకుల్లేరు. కొడుకుల్లేనప్పుడు కూతుళ్లంతా సమాన వాటాదారులు. ఎలిజబెత్ డవర్ పోను మిగిలిన మూడింట రెండు వంతులను నలుగురికి పంచితే ఒక్కొక్కరికి ఆరో వంతు. ఎలిజబెత్ 1360 వరకు బతికింది. అంటే 174 రోజుల కాపురానికి వచ్చిన డవర్‌ని 44 ఏళ్లు అనుభవించింది.

ప్రశ్న: వెర్డన్ ఆమెను ఎత్తుకుపోయాడా, ఆమె ఇష్టపడి వెళ్లిందా?

జవాబు: 1316 ఫిబ్రవరి 4న బ్రిస్టల్ కోట నుంచి ఆమెను తీసుకెళ్లి పెళ్లి చేసుకున్నాడు. ఐర్లండులో ఉండగానే మాకు నిశ్చితార్థమైంది, ఆమే కోట బయటికి ఎదురొచ్చింది అని అతను వాదించాడు. రాజు వైపు ఫిర్యాదు వేరు. రాజు నుంచి నేరుగా భూములు పొందిన వితంతువు రాజు అనుమతి లేకుండా మళ్లీ పెళ్లాడకూడదు. ఆ పత్రాలన్నీ రాజు హక్కు చుట్టూ తిరుగుతాయి. ఆమె మనసులో మాట వాటిలో వెతికితే దొరకదు.

అంత తొందర ఎందుకంటే, అన్న గిల్బర్ట్ పిల్లల్లేకుండా పోవడంతో ఆమె ఇంగ్లండులోని అతి పెద్ద ఎస్టేట్లలో ఒకదానికి మూడో వంతు వారసురాలైంది. గిల్బర్ట్ భార్య మాడ్ తను గర్భవతినని చెబుతూ వచ్చింది కాబట్టి పంపకం మూడేళ్లు నానింది. పుట్టేదెవరో తేలకుండా ఆడపడుచులకు పంచడానికి వీల్లేదు మరి. తొమ్మిది నెలలు ఎప్పుడో దాటినా ఆ మాట సాగిందంటే, జాప్యం రాజుకి అనుకూలంగా ఉండబట్టే అనుకోవాలి. వెర్డన్ పోగానే రెండో ఎడ్వర్డ్, ఎలిజబెత్‌కి స్వయానా మేనమామ, తనకు ఇష్టుడైన డామొరీని చేసుకోమని ఉత్తరం రాసి ఒత్తిడి పెట్టాడు. 1317లో ఆ పెళ్లీ, ఆస్తి పంపకం రెండూ జరిగాయి. ఎలినార్ భర్త చిన్న హ్యూ డెస్పెన్సర్ వాటాకి గ్లమోర్గన్, మార్గరెట్ భర్త హ్యూ ఆడ్లీ వాటాకి న్యూపోర్ట్, డామొరీ వాటాకి అస్క్ వచ్చాయి, మూడూ వేల్స్‌లోవే.

ప్రశ్న: సొంత బావే ఆమె భూమి లాక్కున్నాడంటారు. చట్టం ఏం చేసింది?

జవాబు: చట్టం ఆమె వైపే ఉంది, రాజు మాత్రం బావ డెస్పెన్సర్ వైపు ఉన్నాడు. డామొరీ రాజుకీ డెస్పెన్సర్‌కీ ఎదురుగా లేచిన తిరుగుబాటులో చేరి 1322 మార్చిలో టట్‌బరీలో చనిపోయాడు. ఎలిజబెత్‌ని అస్క్‌లో పట్టుకుని బార్కింగ్ మఠంలో ఉంచారు. అస్క్ ఆమెకు పుట్టింటి వారసత్వం, భర్త నేరంతో పోయేది కాదు. అందుకని జప్తు అనకుండా ‘మార్పిడి’ అన్నారు. అస్క్ ఇచ్చి, దానికన్నా తక్కువ విలువైన గవర్ (అదీ వేల్స్‌లోదే) తీసుకోమన్నారు. తర్వాత దావా వేయించి ఆ గవర్ కూడా లాగేసుకున్నారు. రాజు అనుమతి లేకుండా మళ్లీ పెళ్లాడననీ, భూములు ఎవరికీ రాయననీ ఆమె చేత బలవంతంగా ముద్ర వేయించుకున్నారు.

ఇక్కడ ఆమె చేసిన పని ఎంతో గొప్పది. 1326 మేలో, డెస్పెన్సర్ ఇంకా అధికారంలో ఉండగానే, బెదిరించి ముద్రలు వేయించుకున్న తీరంతా రహస్యంగా ఒక పత్రంలో రాయించి పెట్టుకుంది. బలవంతంగా తీసుకున్న ఒప్పందాన్ని తర్వాత కొట్టేయించాలంటే, అప్పుడే అభ్యంతరం చెప్పిన రుజువు ఉండాలి. అదే ఏడాది చివర్లో డెస్పెన్సర్‌ని ఉరితీశారు. ఆ తర్వాత భూములు ఆమెకు తిరిగొచ్చాయి.

ప్రశ్న: మనవరాలు ఎలిజబెత్‌కి, మూడో ఎడ్వర్డ్ కొడుకైన రాజకుమారుడు లయొనెల్‌కి పెళ్లి చేయడానికి పోప్ అనుమతి ఎందుకు?

జవాబు: చర్చి చట్టంలో చుట్టరికం లెక్క వేరు. మేనత్త మేనమామల పిల్లలనీ, పెదనాన్న పినతల్లి పిల్లలనీ తేడా లేదు. ఉమ్మడి పూర్వీకుడి నుంచి ఎన్ని తరాలన్నదే లెక్క. 1215లో నాలుగో లాటరన్ సభ (చర్చి పెద్దల సమావేశం) ఏడు తరాల పెళ్లి నిషేధాన్ని నాలుగుకి తగ్గించింది.

లెక్కపెట్టే పద్ధతి ఇది. ఉమ్మడి పూర్వీకుణ్ణి వదిలేసి, అతని పిల్లల దగ్గర ఒకటి అని మొదలుపెట్టాలి. ఇక్కడ పూర్వీకుడు మొదటి ఎడ్వర్డ్. ఒక వైపు రెండో ఎడ్వర్డ్, మూడో ఎడ్వర్డ్, లయొనెల్: మూడు. ఇంకో వైపు జోన్, క్లేర్ దొరసాని, విలియం, మనవరాలు: నాలుగు. రెండూ నిషేధంలోపలే. ఒక్క గీతతో ఆగితే సరిపోదు. మనవరాలి తల్లి లాంకాస్టర్ ఎర్ల్ హెన్రీ కూతురు కాబట్టి మూడో హెన్రీ నుంచి కూడా ఇద్దరికీ నాలుగో తరంలో చుట్టరికం తగులుతుంది. తల్లి వైపు గీత మరిచిపోవడం వంశవృక్షాలు వేసేవారు తరచూ చేసే పొరపాటు.

ప్రశ్న: క్లేర్ దొరసాని ఇంటి జమాఖర్చుల చుట్టలు (చుట్టగా చుట్టి ఉంచిన పత్రాలు) చదవాలంటే ఏం తెలిసుండాలి?

జవాబు: లండన్‌లోని జాతీయ పత్రాగారంలో ఉన్నాయి, చాలావరకు లాటిన్‌లో. లెక్కల ఏడు సెప్టెంబరు 29న, సెయింట్ మైకేల్ పండుగతో మొదలవుతుంది. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. మార్కు అంటే నాణెం కాదు, లెక్క కోసం వాడిన మొత్తం: 160 పెన్నీలు. చేపల దగ్గర జాగ్రత్త. హెర్రింగ్ చేపల ‘వంద’ అంటే 120. దాన్ని 100గా తీసుకుంటే ఆరో వంతు తగ్గిపోతుంది.

ప్రశ్న: ఇద్దరు కూతుళ్లుండగా క్లేర్ భూములు మనవరాలికి ఎలా పోయాయి?

జవాబు: కొడుకు విలియం 1333 జూన్ 6న కారిక్‌ఫెర్గస్ దగ్గర హత్యకు గురయ్యాడు. చనిపోయిన కొడుకు స్థానంలో అతని సంతానం నిలబడుతుంది, కూతురైనా సరే. బతికున్నవారిలో పెద్దవారెవరని చూడరు, ఏ శాఖ ముందన్నది చూస్తారు. కాబట్టి ఇజబెల్లా, చిన్న ఎలిజబెత్ తల్లి భూములకు వారసులు కాలేదు. 1360 నవంబరు 4న క్లేర్ దొరసాని పోయాక ఆ మూడో వంతు మనవరాలి ద్వారా లయొనెల్ చేతికి వచ్చింది. 1362లో అతనికిచ్చిన క్లారెన్స్ డ్యూక్ బిరుదులో ఉన్నది క్లేర్ పేరే. వాళ్ల కూతురు ఫిలిప్పా, ఆమె కొడుకు రోజర్ మోర్టిమర్, అతని కూతురు ఆన్, ఆమె కొడుకు యార్క్ డ్యూక్ రిచర్డ్. అతని కొడుకు నాలుగో ఎడ్వర్డ్ 1461లో ఇంగ్లండు సింహాసనం ఎక్కాడు, ఈ వరసనే హక్కుగా చూపించి.