మోడెమ్ మార్చాలా, రౌటర్ మార్చాలా? కొత్తగా వచ్చిన మన పిల్లలకు

ఒంగోలు నుంచి ఎం.ఎస్. చదవడానికి డాలస్ దగ్గరికి వచ్చిన మా అక్క కొడుకు, వచ్చిన పదిహేను రోజులకే ఫోన్ చేసి, “మామా, ఇంటర్నెట్ మాటిమాటికీ తెగిపోతోంది. మంచి రౌటర్ ఒకటి నూట ఎనభై డాలర్లకు ఉంది, కొనేయమంటావా?” అని అడిగాడు. “ముందు మీ ఇంట్లో ఎన్ని పెట్టెలున్నాయో చూడరా. గోడలోంచి వచ్చే తీగ ఏ పెట్టెలోకి పోతోంది?” అంటే, “ఒకటే పెట్టె ఉంది మామా, తెల్లది, దాంట్లోకే పోతోంది” అన్నాడు. నెల్లూరు, కావలి, కందుకూరు, అద్దంకి వైపు నుంచి ఏటా ఆగస్టులోనూ జనవరిలోనూ ఇక్కడికి వచ్చే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. లోపం ఏ పెట్టెలో ఉందో తేల్చుకోకుండా కొత్త పెట్టె కొనవద్దన్నదే నేను అందరికీ చెప్పే మాట. నేను అలా తేల్చుకోకుండా కొని నష్టపోయాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మోడెమ్, రౌటర్ అనేవి రెండు వేర్వేరు పనులు. సోమశిల నుంచి పెన్నలోకి వదిలిన నీళ్ళు సంగం దగ్గర కాలువలకు మళ్ళి, తూముల్లోంచి దిగి, చివరికి మడవల గుండా కయ్యల్లోకి పారడం మన వైపు వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. బయటి తీగలో వచ్చే సంకేతాన్ని ఇంటిలోపలికి దించే మోడెమ్ ఆ తూము వంటిది. దిగిన దానిని ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ టీవీకీ పంచే రౌటర్ మడవ వంటిది. తూములోంచే నీళ్ళు దిగనప్పుడు మడవ ఎంత బాగు చేసినా కయ్య తడవదు. మా మేనల్లుడి ఇంట్లో ఉన్నటువంటి ఒంటి పెట్టెలో ఈ రెండు పనులూ కలిసే ఉంటాయి. దానిని ఇక్కడ గేట్‌వే అంటారు.

కొనే ముందు ఇంటికి ఏ లైను వస్తోందో తెలుసుకోవాలి. ఫైబర్ లైను అయితే దాని చివర ఉండే ఓ.ఎన్.టి. అనే పెట్టెను కంపెనీయే అమర్చుతుంది కనుక మీరు విడిగా మోడెమ్ కొనవలసిన పని లేదు, కావాలంటే రౌటర్ ఒక్కటే కొనుక్కోవచ్చు. 5జీ హోమ్ ఇంటర్నెట్ అయితే వాళ్ళిచ్చే పెట్టెలోనే అన్నీ ఉంటాయి, దానిని టవర్ సంకేతం బాగా అందే కిటికీ దగ్గర పెట్టుకోవడమే ముఖ్యం. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఇంటర్నెట్ అద్దెలోనే కలిసి ఉంటుంది, కాబట్టి లీజు కాగితం చదవకుండా విడిగా కనెక్షన్ పెట్టించుకోకండి. మోడెమ్ ఎంచుకోవలసిన అవసరం నిజంగా వచ్చేది టీవీ కేబుల్ వంటి గుండ్రటి కోయాక్సియల్ తీగ మీద ఇంటర్నెట్ వచ్చే ఇళ్ళలోనే.

అక్కడ మొదటి ప్రశ్న అద్దెదా, సొంతమా అన్నది. కంపెనీ పెట్టెకు సాధారణంగా నెలకు 10 నుంచి 15 డాలర్ల అద్దె పడుతుంది, అంటే రెండేళ్ళకు 240 నుంచి 360 డాలర్లు. ఒకే ఊళ్ళో రెండేళ్ళు, అంతకు మించి ఉండబోయే కుటుంబానికి సొంత మోడెమ్ కొనుక్కోవడమే లాభం. తొమ్మిది నెలల లీజు మీద నలుగురు కలిసి ఉంటున్న విద్యార్థులకు మాత్రం అద్దె పెట్టె చాలునని నా అభిప్రాయం, ఎందుకంటే చదువు అయ్యాక ఒకడు సియాటిల్‌కూ ఒకడు అట్లాంటాకూ పోయేటప్పుడు నలుగురూ డబ్బు వేసుకుని కొన్న వస్తువు ఎవరిదన్న మాట వస్తుంది. తప్పనిసరిగా కొనవలసి వస్తే ఒకరే తమ డబ్బుతో కొని, చివర్లో తమ వెంట తీసుకువెళ్ళడం మంచిది. సొంత పెట్టె పెట్టుకున్న వాళ్ళ దగ్గర పెట్టె అద్దె వసూలు చేయకూడదని 2020 డిసెంబరు నుంచి అమెరికాలో చట్టం అమలులో ఉంది, అయినా మార్చుకున్న తరువాతి నెల బిల్లులో ఆ పద్దు నిజంగా పోయిందో లేదో కళ్ళతో చూసుకోండి. 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ప్లాన్ అమ్మేచోటనే ధర, అదనపు రుసుములు, వేగాలు ఒక పట్టికలా చూపించవలసి ఉంది. మొదటి ఏడాది తగ్గింపు ధర అయిపోయాక ఎంత కట్టాలో ఆ పట్టికలో వెతకండి.

కొత్త మోడెమ్ మీద డాక్సిస్ 3.1 (కేబుల్ తీగ మీద ఇంటర్నెట్ నడిచే ప్రమాణం) అని ఉండాలి. ఆ ప్రమాణం 2013లోనే వచ్చింది, దానికి ముందుది 2006 నాటి డాక్సిస్ 3.0. వాడిన 3.0 పెట్టెలు ఇరవై డాలర్లకే దొరుకుతున్నాయని కొనుక్కుని, కంపెనీ దానిని ఒప్పుకోకపోవడం వల్లనో, పాత యజమాని ఖాతాలో ఆ పెట్టె ఇంకా నమోదై ఉండడం వల్లనో పనికిరాక పారేసిన వాళ్ళు నాకు తెలుసు. ఏది కొన్నా, మీ కంపెనీ వెబ్‌సైటులో ఉండే ఆమోదిత మోడెమ్‌ల జాబితాలో ఆ మోడల్ నంబరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో సరిచూసుకున్నాకే కొనండి.

రౌటర్ విషయంలో అంత దిగులు అక్కరలేదు. రెండు పడకగదుల అపార్ట్‌మెంటుకు వై-ఫై 6 రౌటర్ ఒక్కటి హాలు మధ్యలో పెడితే సరిపోతుంది. వై-ఫై 7కు ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలైంది కానీ మీ ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ అది లేనప్పుడు రౌటర్‌లో ఉన్నందువల్ల మీకు పెద్దగా ఒరిగేది లేదు. మన ఇళ్ళలో ఇటుక గోడలు, సిమెంటు స్లాబులు సంకేతాన్ని గట్టిగా అడ్డుకుంటాయి. ఇక్కడి ఇళ్ళు చాలావరకు చెక్క చట్రం మీద జిప్సం పలకలు కొట్టి కట్టినవి కాబట్టి సంకేతం సులువుగా దాటిపోతుంది. నెల్లూరులో మేడ మీదికి వై-ఫై అందలేదని ఇక్కడ అపార్ట్‌మెంటుకు కూడా మూడు పెట్టెల మెష్ (ఇల్లంతా ఒకే వై-ఫైని పంచే పెట్టెల జట్టు) కొనవలసిన పని లేదు. పెద్ద రెండంతస్తుల ఇల్లు కొనుక్కున్నాక మెష్ గురించి ఆలోచించండి, అప్పుడు కూడా పెట్టెల మధ్య ఈథర్‌నెట్ తీగ వేయగలిగితే వేయించండి.

ఊరి నుంచి రౌటర్ తెచ్చుకోవచ్చా అని కూడా అడుగుతుంటారు. తేవద్దనే చెబుతాను. అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే ఇక్కడి 120 వోల్టుల కరెంటుకు పనిచేస్తుంది, పిన్నులకు చిన్న కన్వర్టర్ చాలు. చిక్కు వేరే చోట ఉంది. వై-ఫై నడిచే తరంగాల పట్టీల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 ఛానెళ్ళు వాడతారు, అమెరికాలో 11 వరకే వాడతారు. అక్కడి రౌటర్ తనంతట తాను 12కో 13కో మారిందంటే ఇక్కడ కొన్న ఫోనుకు మీ వై-ఫై పేరే కనిపించకపోవచ్చు, కారణం తెలియక మీరు గంటలు పోగొట్టుకుంటారు.

ప్లాన్ ఎంచుకునేటప్పుడు వేగం 300 అని చూపిస్తే ఆ అంకె సెకనుకు మెగాబిట్లలో ఉంటుందని గుర్తుంచుకోండి. మెగాబైట్లలో అది సెకనుకు 37.5 మాత్రమే. అమ్మానాన్నలతో మాట్లాడే ఒక స్పష్టమైన వీడియో కాల్‌కు అటూ ఇటూ మూడు నాలుగు మెగాబిట్లు చాలు. కేబుల్ లైన్లలో దిగుమతి (డౌన్‌లోడ్) వేగం ఎంత గొప్పగా ఉన్నా ఎగుమతి (అప్‌లోడ్) వేగం చాలా తక్కువగా ఉండవచ్చు కనుక, నలుగురు ఒకేసారి ఇంటి నుంచి మీటింగుల్లో కూర్చునే ఇంట్లో ముందు ఆ రెండో అంకెను అడగండి.

ఇక లోపం వెతకడం గురించి. మొదట చేయవలసినది తీగతో పరీక్ష. ల్యాప్‌టాప్‌ను ఈథర్‌నెట్ తీగతో మోడెమ్‌కే కలిపి, మోడెమ్‌ను ఒకసారి ఆపి వెలిగించి, అరగంట వాడి చూడండి. గేట్‌వే అయితే దాని వెనక ఉన్న పోర్టుకు కలపండి. తీగ మీద కూడా తెగిపోతుంటే లోపం మోడెమ్‌లోనో బయటి లైనులోనో ఉంది, దానికి రౌటర్ మార్చి ఏమీ లాభం లేదు. తీగ మీద బాగా ఉండి గాలిలోనే తెగుతుంటే అప్పుడు వై-ఫై సంగతి చూడాలి. మా మేనల్లుడు ఇలా చేసి చూస్తే తీగ మీద ఒక్కసారి కూడా తెగలేదు. ఫోటో పంపమంటే పంపాడు: గేట్‌వే వంటింటి అరమీద, మైక్రోవేవ్‌కు ఆనించి ఉంది. మైక్రోవేవ్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, వీడి ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకి తగులుకుని ఉంది, రూమ్మేట్లు అన్నం వేడి చేసుకున్నప్పుడల్లా వీడి కాల్ తెగుతోంది. పెట్టెను హాల్లోకి మార్చి, ఫోనును 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకున్నాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పాత పరికరాల కోసం 2.4 వాడక తప్పనప్పుడు ఒకదానిపై ఒకటి పడని ఛానెళ్ళు 1, 6, 11 మాత్రమే. పక్కింటి వాళ్ళు దేనిలో ఉన్నారో ఫోనులో ఒక యాప్‌తో చూసి ఖాళీగా ఉన్నది ఎంచుకోండి.

నా అనుభవం మాత్రం తీగ వైపుది. 2013 వేసవిలో రాత్రి ఎనిమిదింటికి, అంటే కావలిలో తెల్లవారి ఆరున్నరకు, అమ్మ కాఫీ తాగుతూ కూర్చునే వేళకు వీడియో కాల్ చేసేవాణ్ణి. అమ్మ ఏదో చెబుతుండగా బొమ్మ నిలిచిపోయేది, గొంతు ముక్కలైపోయేది, ఆ తరువాత లైను పూర్తిగా పోయేది. కంపెనీకి ఫోన్ చేసిన ప్రతిసారీ ఆపి మళ్ళీ వెలిగించమనేవాళ్ళు. నేను వరసగా రెండు రౌటర్లు మార్చాను, ఏమీ మారలేదు. చివరికి బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొట్టి మోడెమ్ పేజీ తెరిచి చూశాను. కంపెనీ నుంచి దిగే సంకేతం మైనస్ 13 డీబీఎంవీ (సంకేత బలాన్ని కొలిచే ప్రమాణం), మోడెమ్ నుంచి ఎగసే సంకేతం 52 అని ఉంది. దిగేది మైనస్ 7కూ ప్లస్ 7కూ మధ్య ఉంటే నిశ్చింత, ఎంత చెడినా మైనస్ 15 దాటకూడదు. ఎగసేది 50 దాటిందంటే మోడెమ్ గొంతు చించుకుని అరుస్తున్నట్టు లెక్క. అప్పుడు తీగ పట్టుకుని గోడ వెంట వెతుక్కుంటూ పోతే, బట్టల అల్మరాలో కింద, నాకు ముందు అద్దెకున్న వాళ్ళు టీవీల కోసం పెట్టుకున్న, ఒక తీగను మూడుగా చీల్చే మూడు దారుల స్ప్లిటర్ ఒకటి దుమ్ములో పడి ఉంది. రెండు దారుల్లో తీగలేమీ లేవు. నా మోడెమ్‌కు వచ్చే దారిలో అది దాదాపు 7 డెసిబెళ్ళు తినేస్తోంది. దానిని తీసేసి, రెండు తీగలనూ చిన్న జోడింపు ముక్కతో నేరుగా కలిపి, చివర్లను బిగించి చూస్తే దిగేది మైనస్ 6కూ ఎగసేది 45కూ వచ్చాయి. వేసవి సాయంత్రాలే ఎందుకు ఎక్కువగా తెగేదో కూడా తరువాత అర్థమైంది: కేబుల్ వేడెక్కే కొద్దీ సంకేత నష్టం పెరుగుతుంది, అంచున వేలాడుతున్న లైనుకు ఆ కొంచెమే చాలు.

అందుకే కొత్త ఇంట్లో చేరిన రోజే తీగ మొదలు నుంచి చివరి వరకు చేత్తో తడుముకుంటూ చూడమంటాను. చివర వదులుగా ఉంటే బిగించండి, అక్కరలేని స్ప్లిటర్ ఉంటే తీసేయండి. పేజీలో అంకెలు అప్పటికీ బాగా లేకపోతే ఫోనుతో ఫోటో తీసుకుని టెక్నీషియన్‌ను పంపమని అడగండి. అంకెలు చెప్పి అడిగినప్పుడు ఆపి వెలిగించమనే మాటతో సరిపెట్టడం వాళ్ళకు కష్టం. నిజంగా ఆపి వెలిగించవలసి వస్తే రెండు పెట్టెల కరెంటూ తీసి, ఒక నిమిషం ఆగి, ముందు మోడెమ్ పెట్టి దాని దీపాలన్నీ నిలకడగా వెలిగాకే రౌటర్ పెట్టండి.

గేట్‌వే ఉండగానే సొంత రౌటర్ కూడా తగిలించుకున్న వాళ్ళకు మరొక చిక్కు వస్తుంది. రెండూ పంచే పనికి పూనుకుంటాయి కాబట్టి కొన్ని ఆఫీసు వీపీఎన్‌లు, ఆటలు మొరాయిస్తాయి. గేట్‌వేను బ్రిడ్జ్ మోడ్‌లో పెడితే అది మోడెమ్‌గా మాత్రమే మిగులుతుంది. రౌటర్ పెట్టగానే వై-ఫై పాస్‌వర్డుతో పాటు అడ్మిన్ పాస్‌వర్డును కూడా మార్చండి, భద్రత డబ్ల్యూపీఏ3 లేదా కనీసం డబ్ల్యూపీఏ2లో ఉంచండి, పాస్‌వర్డు కొట్టకుండానే మీట నొక్కి కలుపుకొనే డబ్ల్యూపీఎస్ ఆపేయండి, వచ్చిపోయే స్నేహితులకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి.

ఇక్కడ అన్నీ సరిచేసుకున్నాక కూడా కాల్ నిలిచిపోతుంటే అటు చివర కూడా చూడాలి. మా ఇంట్లో ఫైబర్ పెట్టెను ఇనుప బీరువా మీద, గోడకు మూలగా పెట్టించారు, అమ్మ కూర్చునేది రెండు గోడల అవతల వసారాలో. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు దానిని నడవలో గోడకు ఎత్తున బిగించి, కరెంటు పోయినా రెండు మూడు గంటలు నడిచేలా 12 వోల్టుల చిన్న యూపీఎస్ తగిలించి వచ్చాను. ఇప్పుడు అమ్మ పెరట్లో నిమ్మచెట్టు దగ్గరికి నడుస్తూ కూడా మాట్లాడుతోంది. మీరు ఊరు వెళ్ళినప్పుడు ఒక పూట ఈ పనికి కేటాయించండి, అమ్మానాన్నలకు తీగలు ఎటు పోతున్నాయో చూపించండి, ఏ దీపం ఎర్రగా వెలిగితే లైను తెగినట్టో చెప్పి రండి.

చివరగా అద్దె పెట్టె తిరిగి ఇచ్చే సంగతి. సొంత మోడెమ్ పెట్టుకున్నాక గానీ, ఊరు మారేటప్పుడు గానీ, కంపెనీ పెట్టెను దాని అడాప్టర్‌తో సహా వాళ్ళ దుకాణంలో గానీ, వాళ్ళు చెప్పిన కొరియర్‌లో గానీ అప్పగించి, సీరియల్ నంబరు రాసి ఉన్న రసీదు తీసుకోండి. ఇవ్వలేదంటూ నెలల తరువాత బిల్లు పంపిన సందర్భాలున్నాయి కాబట్టి ఆ రసీదును ఫోటో తీసి, కనీసం ఒక ఏడాది దాచుకోండి.