బేస్‌మెంట్ ఒకరికి, పై ఇల్లు ఒకరికి ఇస్తే నిజంగా 60 వేలు మిగులుతాయా?

ప్రశ్న: మాది చీపురుపల్లి. పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీలో చేస్తున్నాను, చేతికి 48 వేలు వస్తుంది. అద్దె 6,500. నాలుగు సెంట్ల స్థలంలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు కట్టాలి. మెటీరియల్‌తో సహా 22 లక్షలని కాంట్రాక్టర్ అన్నాడు. బేస్‌మెంట్, అంటే పునాది నుంచి ఇంటి నేల దాకా పని, వేరేవాళ్లతో కట్టించుకుంటే 4.5 లక్షలు తగ్గిస్తానన్నాడు. మా ఊరి మేస్త్రి అదే పని 3.9 లక్షలకి చేస్తానంటున్నాడు. 5 లక్షల ఎఫ్‌డీ ఉంది, మిగతా 17 లక్షలు హోమ్‌లోన్. లోన్ ఇంకా శాంక్షన్ కాలేదు, ముహూర్తం మాత్రం దగ్గరపడింది. ఎఫ్‌డీ కదపకుండా మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టి బేస్‌మెంట్ మొదలుపెట్టొచ్చా?

జవాబు: ముందు బంగారం సంగతి చెప్తాను. వద్దండీ. 3.9 లక్షల గోల్డ్‌లోన్‌కి 9 శాతం వడ్డీ అనుకున్నా నెలకి 2,900 పైచిలుకు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అదే సమయంలో ఎఫ్‌డీ మీద మీకొచ్చేది అంతకంటే తక్కువ. ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చి తక్కువ వడ్డీకి డబ్బు దాచుకోవడం దేనికి? ముందే తీస్తే ఎఫ్‌డీ వడ్డీలో కొంచెం కోత పడుతుంది, పడనివ్వండి. బంగారం ఇంట్లోనే ఉంచండి. స్లాబ్ వేసే నాటికి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, లేదా బ్యాంకు విడత రెండు వారాలు ఆలస్యమైతే, అప్పుడు ఆదుకునేది అదొక్కటే.

మీ 5 లక్షలు ఖర్చు పెట్టాల్సింది కూడా బేస్‌మెంట్ మీదే. కట్టే ఇంటికి బ్యాంకు డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వదు, పని జరిగేకొద్దీ విడతలుగా వదులుతుంది, మామూలుగా మీ వాటా ముందు పెట్టమంటుంది. కానీ శాంక్షన్‌కి ముందే కట్టేసిన బేస్‌మెంట్‌ని మీ వాటాగా లెక్కేస్తారా లేదా అన్నది బ్రాంచిలో ముందే అడగండి, జవాబు రాతలో తీసుకోండి. ప్లాన్ అప్రూవల్ చేతికి రాకుండా గడ్డపార వేయొద్దు. ముహూర్తానికి శంకుస్థాపన చేసి కొబ్బరికాయ కొట్టేయండి, తవ్వకం లోన్ వచ్చాక మొదలుపెట్టినా ఏ దోషమూ లేదు.

ఇక ఆ 60 వేలు, అంటే 4.5 లక్షలకీ 3.9 లక్షలకీ తేడా. ఇద్దరి కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూడమని నా దగ్గరికి వచ్చిన వాళ్లందరికీ చెప్తాను, ఎందుకంటే తేడా ఎక్కువగా ఫిల్లింగ్‌లోనే దాగి ఉంటుంది. వెయ్యి అడుగుల బేస్‌మెంట్‌లో రెండున్నర అడుగుల ఎత్తు నింపాలంటే 2,500 ఘనపుటడుగుల మట్టి కావాలి, తడిపి దిమ్మిస అయ్యేసరికి అణిగిపోతుంది కాబట్టి 3,000 దాకా తెప్పించాలి. ట్రాక్టర్ లోడు వంద అడుగులనుకుంటే 30 లోడ్లు. మేస్త్రి 3.9 లక్షల్లో ఈ 30 లోడ్లూ ఉన్నాయా? "ఫిల్లింగ్ ఓనరుదే కదండీ" అని చివర్లో అంటే, లోడు 1,200 చొప్పున 36 వేలు అక్కడే అయిపోయాయి. మిగిలింది 24 వేలు. ఫుటింగుల (పిల్లర్ల కింది పునాది దిమ్మెలు) దగ్గర్నుంచి ప్లింత్ బీమ్ (గోడల కింద వచ్చే కాంక్రీట్ దూలం) దాకా ఇంజినీరు నాలుగుసార్లు వచ్చి చూడాలి, ఒక్కో విజిట్‌కి 2,500 అయినా 10 వేలు. మేస్త్రి దిగిపోయి కాంట్రాక్టర్ మనుషులు వచ్చేలోపు ఒక నెల పోతే మీ అద్దె 6,500. చివరికి మిగిలేది 7,500. మీ ఊళ్లో లోడు రేటు, ఇంజినీరు ఫీజు వేసి మళ్లీ లెక్క చూసుకోండి, కానీ 60 వేలు మాత్రం కాదు.

దీనికంటే పెద్ద సమస్య ఇంకొకటి ఉంది, అది నా ఇంట్లోనే చూశాను. విజయనగరంలో మా ఇల్లు కట్టినప్పుడు నేనూ ఇలాగే బేస్‌మెంట్ ఒకరికి, పైది ఇంకొకరికి ఇచ్చాను. గృహప్రవేశమైన రెండో ఏడు వంటింట్లో గ్యాస్ బండ పెట్టే మూల టైల్స్ కుంగాయి, గోడకీ స్కర్టింగ్‌కీ (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) మధ్య వేలు పట్టేంత సందు వచ్చింది. పైన కట్టినాయన్ని పిలిస్తే టైల్ మీద సుత్తితో రెండుసార్లు తట్టి, డొల్ల చప్పుడు నాకే వినిపించేలా చేసి, "నేనేటి చేస్తాను బాబూ, కింద నింపింది నేను కాదు కదా" అన్నాడు. ఆయన అన్నది నిజమే. కింద నింపినాయన ఫోన్ ఎత్తలేదు. అరడుగు అరడుగు పొరలుగా పోసి, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాల్సిన మట్టిని ఒకే రోజు దించి పైపైన చదును చేశారు, నేను ఆఫీసులో ఉన్నాను. ఇద్దరికీ డబ్బు పూర్తిగా ఇచ్చేశాను కాబట్టి అడగడానికి పట్టు లేదు. ఆ వంటిల్లు తవ్వి మళ్లీ వేయించింది నేనే.

అందుకే మీ విషయంలో నా మాట ఇది: బేస్‌మెంట్ కూడా అదే కాంట్రాక్టర్‌కి ఇవ్వండి. మేస్త్రి కొటేషన్ చూపించి 20, 30 వేలు తగ్గించమని గట్టిగా అడగండి. బేరం కుదరకపోయినా, ఇల్లంతటికీ జవాబుదారీ ఒక్కడే ఉండడం మీ జీతంలో ఉన్నవాళ్లకి చాలా విలువైనది. 17 లక్షలకి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకి ఈఎంఐ సుమారు 14,750 కట్టుకుంటూ, మధ్యలో రిపేరుకి లక్ష తీయడం కష్టం.

వేరుగా ఇవ్వడం సరైన సందర్భం ఒకటుంది. లోన్ ఎలాగూ ఆరు నెలలు పట్టేలా ఉంటే, బేస్‌మెంట్ కట్టి ఒక వానాకాలం వదిలేస్తే మట్టి బాగా దిగుతుంది, మన పెద్దవాళ్లు అలాగే చేసేవారు. అప్పుడు పిల్లర్ల కోసం పైకి వదిలిన రాడ్లకి తుప్పు పట్టకుండా సిమెంట్ పాలు పూసి ఉంచాలి, 12 ఎంఎం రాడ్ అయితే జాయింట్‌కి రెండడుగులకి తగ్గకుండా వదలాలి. తవ్వకం మాత్రం అక్టోబరులో పెట్టుకోకండి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న మన తీరాన్నే కొట్టాయి, వాయుగుండం పడితే గుంతలన్నీ చెరువులవుతాయి.

అలా ఇస్తే డబ్బు ఇలా కట్టండి: ముగ్గు పోసిన రోజు 10 శాతం, ఫుటింగులు అయ్యాక 25, ప్లింత్ బీమ్ అయ్యాక 35, ఫిల్లింగ్ అయ్యాక 20. చివరి 10 శాతం, అంటే 39 వేలు, పై కాంట్రాక్టర్ వచ్చి కొలతలు, రాడ్లు చూసి "దీని మీద కడతాను, నాకు అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టేదాకా ఇవ్వొద్దు. కాంక్రీట్‌కి నీళ్లు కనీసం 7 రోజులు కట్టాలి, పీపీసీ (ఫ్లైయాష్ కలిసిన) సిమెంట్ వాడితే 10 రోజులు. బయట చాలామంది మూడో రోజుకే మానేస్తారు.

ఇంకోటి, జీఎస్టీ. విడి ఇంటికి ఒట్టి లేబర్ కాంట్రాక్టే అయితే జీఎస్టీ లేదు. మెటీరియల్‌తో కలిపి రిజిస్టర్డ్ కాంట్రాక్టర్ బిల్లు ఇస్తే 18 శాతం పడుతుంది, 22 లక్షల్లో అది కలిసి ఉందో లేదో ఇప్పుడే అడగండి. సిమెంట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, మీ కొటేషన్ అంతకుముందుదైతే మళ్లీ రాయించుకోండి. డబ్బు ఎవరికిచ్చినా అకౌంట్ ద్వారానే ఇవ్వండి, బ్యాంకు మీ వాటా చూపించమన్నప్పుడు ఆ స్టేట్‌మెంటే పనికొస్తుంది.

రెండు కొటేషన్లలో ఫిల్లింగ్, రాడ్ సైజులు, ప్లింత్ ఎత్తు రోడ్డు నుంచి ఎంతో రాయించి పంపండి, పక్కపక్కన పెట్టి చూసి చెప్తాను.