కొసరు మనకి రావాలి గానీ షోరూమ్‌కి ఎందుకండీ?

"కొత్త కారు కొంటుంటే హ్యాండ్లింగ్ ఛార్జీలు, ఎసెన్షియల్ కిట్ అంటూ అదనంగా వేస్తున్నారు, కట్టాలా?" అని అడిగారు. అక్కర్లేదు. కాకపోతే ఆ మాట ముహూర్తం రోజున అంటే ఎవరూ వినరు. ముందు మీ ఇంట్లోవాళ్లే వినరు.

మాది అమలాపురం దగ్గర పల్లె. మొన్న 2025 దసరాకి కారు తీసుకున్నాం. అక్టోబరు 2, గురువారం. ఒకటిన్నరకి రాహుకాలం వచ్చేస్తుంది, ఈలోపు బండి గేటు దాటాలని మా నాన్నగారి పట్టు. అట్నుంచి అటే అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ. రాజమండ్రి షోరూమ్‌కి ఏడుగురం వెళ్లాం. అక్కడి సిబ్బందికి పంచడానికి మా అమ్మ ఆత్రేయపురం పూతరేకులు కూడా పట్టుకొచ్చింది. ఏడుగురూ పూతరేకులతో దిగారంటే ఇంక వీళ్లు వెనక్కి వెళ్లరని వాళ్లకి తెలిసిపోదూ?

పన్నెండుంపావుకి సేల్స్ కుర్రాడు కాగితం చేతిలో పెట్టాడు. బుకింగ్ నాటి లెక్క మీద 31,000 ఎక్కువ. హ్యాండ్లింగ్ 7,500. పెయింటు మీద ఏదో కోటింగ్ 9,300. కిట్ 14,200. కిట్టంటే నాలుగు మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, ఒక సెంటు సీసా, డాష్‌బోర్డు మీద తల ఊపే కుక్కపిల్ల.

నేను నీళ్లు నములుతుంటే మా మేనత్త కాగితం లాక్కుంది.

"బాబూ, హ్యాండ్లింగంటే ఏంటి?"

"యార్డు నుంచి ఇక్కడికి బండి తెచ్చిన ఖర్చండి."

"ఆయ్, మరి సంతలో వంకాయలు కొంటే తోట నుంచి తెచ్చిన కిరాయి వేరే అడుగుతారా ఏంటి?"

కుర్రాడు నవ్వేశాడు. వాడిదేం తప్పులెండి, జీతగాడు. మేనేజర్ని కనుక్కొస్తానని లోపలికెళ్లి పది నిమిషాలకి వచ్చాడు. హ్యాండ్లింగ్ తీసేశారు. కోటింగ్ అయిపోయిందట, కిట్ బిగించేశారట, తీస్తే గీతలు పడతాయట. "పడనీ" అంది అత్త. నాన్నగారు వాచీ చూసుకుని, "పోనీవే, మంచిరోజు పూట గొడవెందుకు" అన్నారు. అంతే, 23,500 కట్టేశాం. ఒంటిగంటా పదికి నిమ్మకాయలు తొక్కించి బయటపడ్డాం. కుక్కపిల్ల తల జొన్నాడ వంతెన మీదే ఊడిపోయింది.

అసలు నన్నడిగితే హ్యాండ్లింగ్ చిన్న దెబ్బే. పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్. వాళ్లు చెప్పింది 46,000. అదే ఐడీవీకి (అంటే బండికి ఇన్సూరెన్స్ వాళ్లు కట్టే విలువకి), అవే కవర్లకి ఆ తర్వాత ఆన్‌లైన్లో చూస్తే 32,000. "మా దగ్గర తీసుకోకపోతే క్యాష్‌లెస్ రాదండి" అని బెదిరిస్తారు. క్యాష్‌లెస్ అంటే రిపేరు బిల్లు కంపెనీయే నేరుగా వర్క్‌షాపుకి కట్టేయడం. ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ వర్క్‌షాపుతో ఒప్పందం ఉంటే వస్తుంది, పాలసీ ఎవరి చేత కట్టించామన్నది కాదు లెక్క. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, తప్పనిసరి. సొంత బండి డ్యామేజీకి మాత్రం ఏడాది తీసుకుంటే చాలు. ఇదంతా నాకు డబ్బులు కట్టాక తెలిసింది.

ఒక్క టీసీఎస్ (అమ్మేవాళ్లే మన దగ్గర పట్టుకుని కట్టే ఆదాయపు పన్ను) దగ్గర మాత్రం గొడవ పడకండి. బండి ధర పది లక్షలు దాటితే ఒక శాతం పట్టుకుంటారు, అది మోసం కాదు. మీ పాన్ మీద జమవుతుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుకోవచ్చు. మా బావ దీని మీదే అరగంట అరిచి, కిట్ మీద కిక్కురుమనకుండా సంతకం పెట్టొచ్చాడు. లైఫ్ ట్యాక్సుకైనా రిజిస్ట్రేషన్‌కైనా ప్రభుత్వ రసీదు వస్తుంది. రసీదులో ఎంతుందో అంతే ఇవ్వండి. ఆ పైన "ఆఫీసు ఖర్చులు" అన్నారంటే అవి ఎవరి ఖర్చులో మీకే తెలుస్తుంది. మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. నేనైతే చేయలేదు, పూతరేకులు పంచిన చేత్తో ఫిర్యాదేంటని అమ్మ ఊరుకోలేదు.

పూర్వం కనీసం ఏపీ 05 అని నంబరు ప్లేటు చూసుకుని మురిసేవాళ్లం, తూర్పు గోదారి బండి అని ఎక్కడున్నా తెలిసేది. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 చేసి ఆ ముచ్చటా తీసేశారు.

మా బావమరిది వచ్చే శ్రావణంలో కారు కొంటాడట, అత్తని తోడు రమ్మన్నాడు. వస్తానంది గానీ ముహూర్తానికి వారం ముందే బిల్లు రాయించాలట, నాన్నగారిని మాత్రం తీసుకురాకూడదట.