సమాధానం: నీలి పలక మీద విల్లు పట్టినది ఎవరు?

మీ నీలి జాస్పర్ (మెరుపు పూత లేని, కాల్చిన సన్నని మట్టి) పలకపై విల్లు పట్టిన తెల్లని బొమ్మ రోమన్ పురాణాల ప్రేమదేవుడు క్యూపిడా, వేటదేవత డయానానా అని అడిగారు. విల్లు ఒక్కటే చూస్తే తేలదు. సంగీత దేవుడు అపోలో, మహావీరుడు హెర్క్యులిస్ చేతుల్లోనూ అదే ఉంటుంది. ముందు భుజాలు చూడండి. రెక్కలుంటే క్యూపిడ్. తలపై నెలవంక, మోకాళ్ల పైకి కట్టిన వస్త్రం, పక్కన వేటకుక్క లేదా లేడి ఉంటే డయానా, అంటే వేటకూ కన్యాత్వానికీ గుర్తు. లైర్ వాద్యమో లారెల్ ఆకుల దండో ఉంటే అపోలో, సింహచర్మమైతే హెర్క్యులిస్. క్యూపిడ్ చేతిలో కాగడా తలకిందులుగా ఉందేమో తప్పక చూడండి. ఉంటే భావమే మారిపోతుంది: అది ఆరిపోయిన ప్రాణానికి సంకేతం, పెళ్లి కానుక బొమ్మ కాదు.

అసలుదో నకలో తేల్చడానికి భూతద్దం కావాలి. 1770ల్లో ఇంగ్లండ్ మట్టిపాత్రల తయారీదారు జోసయ్యా వెడ్జ్‌వుడ్ రూపొందించిన ఈ జాస్పర్ పద్ధతిలో బొమ్మను విడిగా అచ్చు తీసి, పచ్చి పలకపై నీటితో అతికించి కాలుస్తారు. అందుకే అంచు తేటగా ఉంటుంది, పలచని మడతల్లోంచి కింది నీలం లీలగా కనిపిస్తుంది. బొమ్మనీ పలకనీ ఒకే అచ్చులో తీసి నీలం పూసిన చౌక నకళ్లలో రంగు తెలుపు మీదికి పాకుతుంది.

వెనక ముద్రలో ‘ఇంగ్లండ్’ ఉంటే అది 1891కి ముందుది కాదని దాదాపు ఖాయం. ఇంగ్లిషులో రాసిన వెడ్జ్‌వుడ్ పేరులో ‘జి’ (g) తర్వాత ‘ఇ’ (e) అక్షరం ఉంటే ఆ కంపెనీది కానే కాదు.